అత్తగారి నిశానీ

"అమ్మా, తలుపు తియ్యి. నీకు దణ్ణం పెడతాను, తియ్యి."

మా ఆయన పైమెట్టు మీద నిలబడి ఈ మాట అనడం పొద్దుటినుంచి ఇది నాలుగోసారి. వారం వారం పత్రికలో పెద్దపెద్దవాళ్ళని కడిగిపారేసే మలాకీ క్రెహన్, ట్రాయ్ పట్నం మొత్తం కలిసి శాసనసభకి పంపబోతున్న మలాకీ క్రెహన్, ఒక చెక్క తలుపు ముందు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. లోపల ఉలుకూ లేదు, పలుకూ లేదు. జపమాల పూసల చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"ఇవాళ శుక్రవారం," అన్నాను నేను కిందనుంచి. "శుక్రవారం ఆవిడ పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టరని నీకు తెలీదా? ఆ రొట్టెముక్క కోసం తలుపు తీస్తారా?"

"రొట్టె కోసం పిలవడం లేదు వినీ."

"తెలుసు. దేనికి పిలుస్తున్నావో తెలిసే అంటున్నా."

మలాకీ గుమ్మం ముందు పెట్టిన రొట్టెపళ్ళెం తీసుకుని మెట్లు దిగి వచ్చాడు. నా పక్కనుంచి వెళ్తూ మొహం పక్కకి తిప్పుకున్నాడు. మంగళవారం నుంచి మా ఇంట్లో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం మానేశాం.

మంగళవారం శవజాగారంలో జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ప్రాణం చచ్చిపోతుంది. శవం పక్కనే అందరూ మట్టి గొట్టాల్లో పొగాకు దట్టించుకుని, పోయినామె మంచితనం చెప్పుకుంటూ కూర్చున్నారు. అప్పుడు లేచింది హనరా హెషన్. పదేళ్ళ కిందట ఊరొదిలి పోయిన మనిషి, చెల్లెలు పోయిందని వచ్చింది. తిన్నగా మా అత్తగారి ముందుకొచ్చి నిలబడింది.

"ఏం సిబీ, బాగున్నావా? కరువులో నీ కొడుకూ మా ఆయనా సూపుబడిలో ఒకే బల్ల మీద కూర్చున్నారు కదా. మా ఆయన్ని సూపుగాడని పేపర్లో వేసి ఊరంతా చాటించాడే నీ కొడుకు, ఆరోజు నీ నోరేమైంది?"

అరవై మంది విన్నారు. మా అత్తగారు కాదనలేదు. శాలువా తలమీదికి లాక్కుని వంచిన తల ఎత్తలేదు.

మావాళ్ళు దొంగని క్షమిస్తారు. తాగుబోతుని చూసి నవ్వుకుంటారు. సూపుగాడని పేరు పడితే మాత్రం మూడు తరాలు తలెత్తుకు తిరగలేరు. సముద్రానికి అవతల మా సొంత దేశంలో, పద్దెనిమిదివందల నలభై ఏడు కరువులో బంగాళాదుంపలు కుళ్ళిపోయి జనం రోడ్ల పక్కన పడి చచ్చిపోతుంటే, మమ్మల్నేలే దొరల మతంవాళ్ళు బడి పెట్టి, మా పిల్లల్ని మా గుడి మాన్పించి వాళ్ళ ప్రార్థన చెప్పించి, అప్పుడు గిన్నెడు సూపు పోసేవాళ్ళు. అదీ శుక్రవారం పూట, మాంసం సూపు, మేం మాంసం ముట్టకూడని రోజు చూసి మరీ. దానికి చెయ్యి చాపినవాళ్ళు సూపుగాళ్ళు. ముప్ఫై ఏళ్ళయినా, సముద్రం దాటి ఈ దేశం వచ్చినా ఆ మరక పోదు.

హనరా మొగుడు మార్టిన్ హెషన్‌కి మా వీధి చివర కిరాణా కొట్టు ఉండేది. మెత్తటి మనిషి. పిల్లలు వెళ్తే చేతిలో ఓ బెల్లపు బిళ్ళ పెట్టి పంపేవాడు. పదేళ్ళ కిందట మలాకీ కొత్తగా పత్రిక పెట్టినప్పుడు మొదటి పేజీలో రాశాడు, 'మన మధ్యన ఉన్న సూపుగాడు' అని. ఆ వారంతోనే మలాకీ పేరు ట్రాయ్‌లో మోగిపోయింది. ఆ నెలలోనే హెషన్ కొట్టు మూతపడింది.

నేనూ ఉన్నాను అందులో. ముందురోజు కొన్న టీ పొట్లం వెనక్కి పట్టుకెళ్ళి బల్లమీద పెట్టాను. "మీ ఇంటి టీ మాకు దిగదు," అన్నాను. నలుగురు ఆడవాళ్ళు చూస్తున్నారని గొంతు పెంచి మరీ అన్నాను. అప్పుడు హనరా నావైపు చూసిన చూపు మంగళవారం మళ్ళీ చూశాను. తల కొట్టేసినట్టయింది.

పదకొండు గంటలకి కోర్నీ డెవానీ వచ్చాడు. మా పేటలో ఓట్లన్నీ ఆయన జేబులో ఉంటాయి. సారాకొట్టు ఆయనదే, నోటరీ ముద్రా ఆయనదే. ఒకచోట తాగించి ఇంకోచోట సంతకం పెట్టించుకుంటాడని మావాళ్ళ హాస్యం.

"చెల్లెమ్మా, పెద్దమ్మ దిగిందా?" అంటూ టోపీ తీసి కుర్చీలో కూర్చున్నాడు. కోటు లోపలినుంచి కాగితం తీసి బల్లమీద సాపు చేశాడు. "రేపు సాయంత్రానికి ఇది అచ్చులో ఉండాలి. సోమవారం అవతలివాళ్ళ పేపరు వస్తుంది. హనరాని వాళ్ళు పట్టేశారు. ఆవిడ చెప్పిందల్లా రాస్తారు. దానికి ముందే మన మాట జనంలోకి వెళ్ళిపోవాలి."

"ఏం మాట?" అన్నాను.

"పెద్దమ్మ ప్రమాణం. నేనుగానీ నా కొడుకుగానీ ఏనాడూ సూపుబడి గడప తొక్కలేదు అని. చదువురాని ముసలమ్మ, పొద్దున్నే గుడికి పోయే మనిషి, దేవుడి మీద ఒట్టేసి నిశానీ పెడితే ఇంక ఎవడు నోరెత్తుతాడు?"

"అబద్ధపు ఒట్టు వేయిస్తావా ఆవిడచేత?"

"అబద్ధమో నిజమో నాకెందుకమ్మా? నేను బడి చూశానా, సూపు చూశానా?" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆపేశాడు. "చూడు చెల్లెమ్మా. ఇస్త్రీ కార్ఖానాల్లో తొమ్మిదివందలమంది ఆడపిల్లలు పొద్దున్న ఆరింటికి వెళ్ళి రాత్రి తొమ్మిదింటికి వస్తున్నారు. ఆ గంటలు తగ్గించే చట్టం తెస్తానన్నవాడు నీ మొగుడొక్కడే. అవతలివాడు కార్ఖానా యజమాని బావమరిది. మీ అమ్మ చేతులు గుర్తున్నాయా నీకు?"

గుర్తులేకేం. చొక్కా కాలర్లు ఇస్త్రీ చేసి చేసి మా అమ్మకి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిన మచ్చలే. పెళ్ళిళ్ళకి కూడా పొడుగు చేతుల జాకెట్టే వేసుకునేది. కోర్నీకి ఎక్కడ నొక్కాలో బాగా తెలుసు.

మలాకీ కిటికీ దగ్గర నిలబడి నదికేసి చూస్తున్నాడు, తేలు కుట్టిన దొంగలా.

"ఒక్కటి అడుగుతాను, చెప్తావా?" అన్నాను. "హెషన్ సూపుబడిలో చదివాడని నీకెలా తెలిసింది?"

"వినీ, ఇప్పుడు కాదు."

"పదేళ్ళలో ఈ ఊళ్ళో ఒక్కళ్ళు కూడా ఆ ప్రశ్న వెయ్యలేదు. నేనూ వెయ్యలేదు. పక్కన పడుకున్నదాన్ని, నాకు బుద్ధుండక్కర్లేదూ? ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు."

"మరి?"

"పక్కన కూర్చున్నాను." ఇటు తిరగకుండానే అన్నాడు. "నాకు ఏడేళ్ళు. వాడికి తొమ్మిది. పలక వాడిది, ముక్క బలపం నాది. చాలా? ఇక్కడ కొట్టు పెట్టాక ఒకరోజు నన్ను చూసి నవ్వాడు. గుర్తుపట్టాడని తెలిసిపోయింది. వాడు నోరు విప్పేలోగా నేనే..."

ఆ మాట పూర్తి చెయ్యలేకపోయాడు. నేనూ చెయ్యమనలేదు. గురివిందగింజ తన కింద నలుపెరగదంటారు. మా ఆయన ఎరిగే ఉండి, ఆ నలుపుని పక్కవాడి మొహాన పూశాడు. ఆ పూతకి నేను చప్పట్లు కొట్టాను.

"మరి సభల్లో చెప్తావే," అన్నాను, "రాతిగోడ చాటున దొరలకి తెలియకుండా అక్షరాలు నేర్పిన పంతులు గురించి? ఆయన పేరు చెప్పి కళ్ళు తుడుచుకుంటావే?"

"ఆ పంతులు పుట్టనే లేదమ్మా," అని వినిపించింది మెట్లమీదనుంచి.

ముగ్గురం ఉలిక్కిపడ్డాం. తలుపు ఎప్పుడు తీశారో, ఎంతసేపటినుంచి నిలబడ్డారో తెలీదు. ఆదివారం గుడికి వేసుకునే నల్లగౌను వేసుకుని, శాలువా భుజాన పిన్ను పెట్టుకుని, ఒక్కొక్క మెట్టే దిగుతున్నారు అత్తగారు. నేను చెయ్యి అందించబోతే వద్దన్నారు.

కోర్నీ లేచి కుర్చీ జరిపాడు. "రా పెద్దమ్మా, కూర్చో. ఏమీ భయపడకు. రెండు నిమిషాల పని. నేను చదువుతాను, నువ్వు విను, చివర్న ఓ అడ్డగీతా నిలువుగీతా గీసెయ్యి. అంతే."

"నిలబడే వింటాను నాయనా. చదువు."

కోర్నీ గొంతు సవరించుకున్నాడు. "నేను, సబైనా క్రెహన్ అనే విధవరాలిని, చదువురానిదాన్ని, భగవంతుని ఎదుట ప్రమాణం చేసి చెప్పునదేమనగా, నేనుగానీ నా కొడుకుగానీ కరువు రోజుల్లో పరమతస్థుల బడి గడప తొక్కలేదు, వారి సూపు ముట్టలేదు. మంగళవారంనాడు నేను తలవంచినది పోయినామె మీది దుఃఖం చేతనే." ఇక్కడ ఒక్క క్షణం ఆగాడు. "ఇది నా ఇష్టపూర్వకంగా రాయించినది. అంతే పెద్దమ్మా."

"అంతేనా?"

"అంతే."

"మధ్యలో ఒక వరస దాటేశావు."

కోర్నీ నవ్వాడు. "ఏం దాటలేదే."

అత్తగారు కాగితం తనవైపు తిప్పుకున్నారు. వేలు పెట్టి, తడుముకోకుండా, బడిలో పిల్ల పాఠం ఒప్పజెప్పినట్టు చదివారు. "సదరు హనరా హెషన్ ఆనాడు తప్పతాగి ఉన్నదనియు, ఆమె నడత మంచిది కాదని నాకు చిన్ననాటినుండి తెలియుననియు."

నేను కాపురానికొచ్చి పదిహేనేళ్ళు. ఆవిడకొచ్చిన ఉత్తరాలన్నీ నేనే చదివి పెట్టాను. గుడి చందా పుస్తకంలో ఆవిడ పేరు దగ్గర నేనే రాసి, ఆవిడచేత నిశానీ పెట్టించాను. చదువులేకపోయినా ఎంత జ్ఞానమో అని నలుగురిలో మెచ్చుకున్నాను కూడా.

"అమ్మా," అన్నాడు మలాకీ. "నీకు... ఎప్పటినుంచీ?"

"నీతోపాటే. పెద్దవాళ్ళని వెనక బల్ల మీద కూర్చోబెట్టేవాళ్ళు, నీకు గుర్తులేదు. ఒక వచనం చదివి అప్పజెప్పితేనే గిన్నె చేతికొచ్చేది. నాకు తొందరగా పట్టుబడింది. ఆకలంత మంచి పంతులు లేడు."

"ఇన్నేళ్ళూ రాదన్నావు."

"వచ్చని చెప్తే ఎక్కడ నేర్చుకున్నావంటారు. మనూళ్ళో నా వయసు ఆడదానికి అక్షరం వచ్చిందంటే ఒకే చోటినుంచి వచ్చి ఉండాలి. అది అందరికీ తెలుసు."

మలాకీ బల్ల అంచు పట్టుకున్నాడు. తను అడగబోయేది నాకు తెలుసు. అడగకపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

"అయితే నా పత్రిక..."

"ప్రతివారం చదివాను. పొయ్యి రాజెయ్యడానికి పాతవి ఇమ్మని వినీని అడిగేదాన్ని. చదివాకే కాల్చేదాన్ని." నావైపు చూసి తల ఊపారు. "మార్టిన్ మీద రాసింది మూడుసార్లు చదివాను. బాగా రాశావు. ఎక్కడా ఒక్క మాట ఎక్కువ లేదు."

ఆ మెప్పు చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది. మలాకీ కుర్చీలో కూలబడ్డాడు.

"ఊరొదిలే ముందురోజు మార్టిన్ నాదగ్గరికొచ్చాడు," అన్నారు అత్తగారు. "నువ్వు ప్రెస్సులో ఉన్నావు. వినీ బజారుకెళ్ళింది. టోపీ చేతిలో పట్టుకుని ఇదిగో, ఇక్కడే నిలబడ్డాడు. 'సిబీ పిన్నీ, నువ్వు బెంగపెట్టుకోకు. నువ్వు బతికుండగా నేనూ చెప్పను, మా ఆవిణ్ణీ చెప్పనివ్వను' అన్నాడు. వాడికి టీ అయినా ఇవ్వలేదు నేను. ఎవరైనా చూస్తారని తొందరగా పంపేశాను. వాడు పోయినేడు పోయాడు. హనరా మాటిచ్చింది వాడికి, నాక్కాదు. ఆ మాట వాడితోనే పోయింది."

కోర్నీ కూడా తల దించుకున్నాడు. ఆ మనిషి తలదించడం నేను చూడటం అదే మొదటిసారి.

"అయినా పెద్దమ్మా," అన్నాడు మెల్లగా, "పసివాణ్ణి బతికించుకోడానికి వెళ్ళావు. అది పాపమని దేవుడు కూడా అనడు."

"నేను సూపు తాగానని సిగ్గుపడుతున్నాననుకున్నావా నాయనా?" అన్నారు అత్తగారు. "నాకు ముగ్గురు. బడి పెట్టినరోజే మార్టిన్ తల్లి వచ్చి పద సిబీ అంది. ఛీ, నేను సూపుగత్తెనవుతానా అన్నాను. ఊళ్ళోవాళ్ళు శభాష్ అన్నారు. ఆ శభాష్ విని పెద్దదాన్ని పూడ్చాను. నెలకి చంటాణ్ణి పూడ్చాను. వీడికి కాళ్ళు వాచాక అప్పుడు వెళ్ళాను. ముందే వెళ్ళి ఉంటే ముగ్గురూ ఉండేవాళ్ళు. నా సిగ్గు అది. శుక్రవారం నా గొంతు దిగనిది అందుకు."

నా అత్తగారి శుక్రవారం ఉపవాసం గురించి నేను ఇరుగుపొరుగుతో ఎన్నిసార్లు గొప్పలు చెప్పుకున్నానో!

మలాకీ ఏడుస్తున్నాడు. మొగవాడు ఏడిస్తే చూడకూడదంటారుగానీ నేను చూశాను. అంత కోపంలోనూ వెళ్ళి తలమీద చెయ్యి వెయ్యాలనిపించింది. వెయ్యలేదు.

అత్తగారు కలం తీసుకుని సిరాబుడ్డిలో ముంచి, విదిలించి, మూడువేళ్ళతో ఎలా పట్టుకోవాలో అలా పట్టుకున్నారు.

"హనరా మీది వరస కొట్టెయ్యి," అన్నారు కోర్నీతో. "దాన్ని ఇంకోసారి కొట్టలేను."

కోర్నీ వెంటనే కొట్టేశాడు.

"ఇప్పుడు చెప్పు మలాకీ. నేను పేరు రాయనా, నిశానీ పెట్టనా? పేరు రాస్తే చదువురానిదాన్నన్న ముక్క అబద్ధమని జనానికి తెలిసిపోతుంది, మిగతాదీ తెలుస్తుంది. నిశానీ పెడితే నువ్వు గెలుస్తావు. నరకం నాకు కొత్త కాదు, నాయనా. నువ్వు ఏది చెప్తే అది."

మలాకీ నావైపు చూశాడు. వద్దు అనమని ఆ చూపు బతిమాలిందో, సరే అనమని బతిమాలిందో నాకు ఇప్పటికీ తెలీదు. నేను నోరు విప్పాల్సింది. మా అమ్మ చేతులు కళ్ళముందు మెదిలాయి. అబద్ధమెందుకు, ఆల్బనీలో శాసనసభ మెట్లమీద మా ఆయన పక్కన నిలబడ్డ నేనూ మెదిలాను. కొత్త టోపీతో సహా. నోరు విప్పలేదు.

"నిశానీ," అన్నాడు మలాకీ. వినిపించీ వినిపించనట్టు.

అత్తగారు కాగితం మీద వంగారు. కలం ఆనించారు. ఆ చెయ్యి కదల్లేదు.

"రావడం లేదు నాయనా. నువ్వు పట్టుకో."

మలాకీ వెనకనుంచి వంగి తల్లి వేళ్ళని తన గుప్పిట్లోకి తీసుకున్నాడు. అక్షరాభ్యాసం చేయించినట్టు మెల్లగా ఒక గీత గీశాడు. దానికి అడ్డంగా ఇంకొకటి గీశాడు.

"నీ చెయ్యి ఇలాగే పట్టుకుని దిద్దించాను," అన్నారు అత్తగారు. కోపంగా కాదు. ఏదో గుర్తొచ్చి మురిసినట్టే అన్నారు.

కోర్నీ కాగితం తీసుకుని సిరా మీద ఊదాడు. తిప్పి నాముందు పెట్టాడు. "ముద్ర నేను వేస్తాను చెల్లెమ్మా. నిశానీకి ఒక సాక్షి ఉండాలి. పెద్దమ్మ గీత గీయడం నువ్వు కళ్ళారా చూశావని, ఇక్కడ నీ పేరు రాసెయ్యి. అయిపోయింది."

"చూసింది రాస్తే చాలా?" అన్నాను.

"చాలు."

కలం తీసుకున్నాను. ఇంకా వెచ్చగా ఉంది. టీ పొట్లం వెనక్కి పెట్టిన చెయ్యే అది. అత్తగారు నా చేతికేసి చూస్తున్నారు. చదవగలరు కదా, చూస్తారు మరి.

చూసింది చూసినట్టు రాయడం మొదలుపెట్టాను. కోర్నీ టోపీ అందుకున్నాడు, ముద్ర పెట్టె తెరిచాడు, మూత పక్కన పెట్టాడు. నా కలం ఇంకా నడుస్తూనే ఉంది.

"వినీ," అన్నాడు మలాకీ, కుర్చీలోంచి లేస్తూ. "నీ పేరుకి అంతసేపెందుకు? ఏం రాస్తున్నావు?"